బాకీ రిమైండర్లు కొందరికే వెళ్తున్నాయా? బాట్ జోలికి పోకముందు షీట్‌లో తేదీలు చూడండి

చిన్న వ్యాపారాల్లో యాప్‌షీట్ (కోడ్ రాయకుండా యాప్ కట్టే గూగుల్ సాధనం), గూగుల్ షీట్స్ కలిపి కట్టుకున్న బాకీల యాప్‌లు దాదాపు అన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి. బిల్లు తేదీకి అప్పు రోజులు కలిపితే గడువు తేదీ వస్తుంది. గడువు వచ్చిన ఉదయం బాట్, అంటే యాప్‌లో తనంతట తానే పని చేసే భాగం, ఆ పార్టీకి మెయిల్ పంపుతుంది. ఇది ఆగిపోయినప్పుడు ఎక్కడెక్కడ చూడాలో ఇక్కడ రాస్తున్నాను. యాప్ కట్టడం, బాట్ పెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఫోన్ చేసే ప్రతి ఒక్కరూ "బాట్ పాడైందండీ" అనే మొదలుపెడతారు. తీరా చూస్తే బాట్ చెప్పినట్టే పని చేస్తూ ఉంటుంది. దానికి అందిన లెక్కే తప్పు. అందుకే బాట్ తీసేసి మళ్లీ కొత్తది కట్టకండి. ఎడిటర్‌లో మేనేజ్ కింద మానిటర్‌లోకి వెళ్లి, ఆడిట్ హిస్టరీ తెరిచి చూడండి. బాట్ సమయానికి నడిచిందా, ఎర్రర్ ఏమైనా ఉందా? ఈ రెండూ తెలియకుండా ఏది మార్చినా చీకట్లో బాణం వేసినట్టే.

మెయిల్స్ అన్నీ మీకే వస్తున్నాయి, పార్టీలకు ఒక్కటీ వెళ్లడం లేదు

యాప్ డిప్లాయ్ చేయలేదు, అంటే టెస్టింగ్ నుంచి అసలు వాడకంలోకి మార్చలేదు. ప్రోటోటైప్‌గా ఉన్నంతకాలం యాప్‌షీట్ ఎవరి పేరిట మెయిల్ పెట్టినా దాన్ని యాప్ ఓనర్‌కే పంపుతుంది. టెస్టింగ్‌లో పొరపాటున కస్టమర్లకు మెయిల్స్ పోకూడదని అలా పెట్టారు. రోజూ ఫలానా టైముకి నడవాల్సిన షెడ్యూల్ బాట్లకు కూడా డిప్లాయ్ తప్పనిసరి. మేనేజ్‌లో డిప్లాయ్‌కి వెళ్లి, చెక్ నడిపి, అది చూపించిన తప్పులు సరిచేసి డిప్లాయ్ చేయండి. దయచేసి ఇది మొట్టమొదట చూడండి. రెండు రోజులు బాట్ కండిషన్లన్నీ మార్చి మార్చి చూసి, చివరికి ఇదని తేలినవాళ్లు ఎందరో ఉన్నారు.

యాప్‌లో ఎంట్రీ వేస్తే మెయిల్ వెళ్తోంది, షీట్‌లో వేస్తే వెళ్లడం లేదు

కొత్త రో (షీట్‌లో అడ్డువరస) చేరినప్పుడు నడిచే బాట్ మామూలుగా యాప్ ద్వారా వచ్చిన మార్పులనే పట్టించుకుంటుంది. గుమస్తా నేరుగా షీట్‌లో టైప్ చేస్తే దానికి ఆ సంగతే తెలియదు. ఎంట్రీలు యాప్‌లోనే వేయించండి. కుదరదంటే బాట్‌ని షెడ్యూల్ పద్ధతికి మార్చండి. అప్పుడు రో ఎక్కడి నుంచి వచ్చినా పర్వాలేదు.

నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ మొత్తం ఆగిపోయింది

షీట్‌లో ఎవరో కాలమ్ పేరు మార్చారు, లేదా మధ్యలో కొత్త కాలమ్ చేర్చారు. యాప్‌షీట్‌లో ఆ టేబుల్‌కి రీజెనరేట్ స్కీమా నొక్కండి, అది షీట్‌లోని కాలమ్‌లను మళ్లీ చదువుకుంటుంది. పాత పేరుతో రాసిన కండిషన్లు ఉంటే సరిచేయండి.

కొన్ని బిల్లులకు వెళ్తోంది, కొన్నిటికి వెళ్లడం లేదు, ఎక్కడా ఎర్రర్ లేదు

అసలు తలనొప్పి ఇదే. ఇది నెలల తరబడి ఎవరికీ కనబడకుండా ఉండిపోతుంది. ఒక మందుల ఏజెన్సీలో సంవత్సరాంతం లెక్కలు చూసుకునేదాకా బయటపడలేదు. అప్పటికే కొన్ని షాపులకు ఒక్క రిమైండరూ వెళ్లలేదు, డబ్బు కట్టేసిన ఇంకొన్ని షాపులకు మాత్రం నెలలు గడిచాక మెయిల్ వెళ్లింది. రెండోదానికే ఆ ఓనర్ ఎక్కువ బాధపడ్డారు. ఏళ్ల తరబడి టైముకి కట్టే పార్టీ, "మా మీద నమ్మకం లేదా?" అని అడిగిందట.

కారణం షీట్ లొకేల్. గూగుల్ షీట్‌కి ఒక దేశం సెట్టింగ్ ఉంటుంది. చాలామంది షీట్లలో అది యునైటెడ్ స్టేట్స్ అని ఉంటుంది, ఎవరూ తెరిచి చూడరు. అమెరికా పద్ధతిలో ముందు నెల, తర్వాత తేదీ. మనకు ముందు తేదీ, తర్వాత నెల. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన బిల్లుల లిస్టు తెచ్చి ఆ షీట్‌లో పేస్ట్ చేస్తారు. మన 05/04/2025 అంటే ఏప్రిల్ 5. షీట్ దాన్ని మే 4 అనుకుంటుంది. కానీ తెర మీద మాత్రం 05/04/2025 అనే చూపిస్తుంది! మీ కంటికి ఏప్రిల్ 5, షీట్ మనసులో మే 4. అందుకే ఎంత సేపు చూసినా తప్పు దొరకదు.

మరి 25/04/2025 సంగతి? 25వ నెల లేదు కాబట్టి షీట్ దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాలుగా ఉంచేస్తుంది. దానికి 30 రోజులు కలపమంటే గడువు కాలమ్‌లో వాల్యూ ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ కనబడితే ఎవరో ఒకరు పట్టుకునేవారే. కానీ షీట్ నీట్‌గా ఉండాలని గడువు ఫార్ములాకు ఇఫ్‌ఎర్రర్ తొడిగి, ఎర్రర్ వస్తే ఖాళీ వదిలేయమని రాస్తారు. గడువు ఖాళీ, బాట్‌కి పంపడానికి ఏమీ లేదు, ఎర్రర్ కూడా లేదు. గడువు ఫార్ములాలో ఇఫ్‌ఎర్రర్ పెట్టడం నాకు అస్సలు నచ్చదు. తప్పు ఉంటే అది ఎర్రగా అరవాలి.

కాబట్టి ఒకే కారణం రెండు రకాలుగా బయటపడుతుంది. నెలలో 13వ తేదీ నుంచి ఆఖరి దాకా వేసిన బిల్లులకు రిమైండర్ అసలు వెళ్లదు. 1 నుంచి 12 దాకా వేసినవాటికి తప్పు రోజున వెళ్తుంది, లేదా గడువు ఎప్పుడో దాటిపోయినట్టు లెక్కపడి వెళ్లకుండా పోతుంది. మీ కంప్లైంట్ 12, 13 తేదీల దగ్గర రెండుగా విడిపోతుంటే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు.

ఖాయం చేసుకోవడానికి బిల్లు తేదీ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, ఫార్మాట్‌లో నంబర్‌కి వెళ్లి, నెల పేరు అక్షరాల్లో వచ్చే తేదీ ఫార్మాట్ పెట్టండి. ఏప్రిల్ బిల్లుల్లో తప్పు ఎలా కనిపిస్తుందంటే, 1వ తేదీ బిల్లు జనవరి 4 అవుతుంది, 2వ తేదీది ఫిబ్రవరి 4, 3వ తేదీది మార్చి 4, 5వ తేదీది మే 4, అలా 12వ తేదీ బిల్లు డిసెంబర్ 4 దాకా పోతుంది. ఏప్రిల్ 4 బిల్లు ఒక్కటే సరిగ్గా ఉంటుంది. ఒక నెల బిల్లులన్నీ ఏడాది పొడవునా ప్రతి నెలా అదే తేదీన వరసగా కనబడితే తేదీ, నెల తారుమారయ్యాయన్నమాట. 13, ఆ తర్వాతి తేదీలవి ఫార్మాట్ మార్చినా మారకుండా అలాగే ఉండిపోతాయి. మీరు అలైన్‌మెంట్ మార్చకపోయి ఉంటే అవి సెల్‌లో ఎడమవైపు అంటుకుని ఉంటాయి, అసలు తేదీలు కుడివైపు ఉంటాయి.

ఇంకా అనుమానంగా ఉంటే మామూలు నంబర్ ఫార్మాట్ పెట్టి చూడండి. షీట్ తేదీలను 1899 డిసెంబర్ 30 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. 2025 ఏప్రిల్ 5 అయితే 45752 రావాలి. 45781 వచ్చిందంటే అది మే 4. 30 రోజుల అప్పు మీద ఆ బిల్లుకు మే 5న వెళ్లాల్సిన రిమైండర్ జూన్ 3న వెళ్తుంది. ఏప్రిల్ 12 బిల్లుదైతే మే 12కి బదులు వచ్చే ఏడాది జనవరి 3న వెళ్తుంది.

పార్టీలకు మీరు కట్టాల్సిన బాకీలను ఇదే షీట్‌తో నడుపుతుంటే ఇంకా జాగ్రత్త. సరుకు లేదా సేవలు ఇచ్చే సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం), 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. షీట్‌లో తేదీ తారుమారైందని సాకు చెబితే ఆ చట్టం ఒప్పుకోదు.

సరిచేసే పద్ధతి

ముందు బాట్‌ని డిజేబుల్ చేయండి. షీట్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఈ రెండూ చేయకుండా ముందుకెళ్లవద్దు.

ఫైల్‌లో సెట్టింగ్స్ తెరిచి లొకేల్ ఇండియా పెట్టండి. అక్కడే టైమ్ జోన్ కూడా భారత సమయానికి మార్చండి. తర్వాత యాప్‌షీట్‌లో ఆ టేబుల్ సెట్టింగ్స్ తెరిచి, అక్కడి లొకేల్‌ని కూడా షీట్‌తో సరిపోల్చండి. ఇది చాలామంది వదిలేస్తారు. షీట్ ఒక దేశం, యాప్ ఇంకో దేశం అయితే కొత్త తప్పులు మొదలవుతాయి. ఒక మినహాయింపు ఉంది. యాప్‌షీట్ ఎక్స్‌ప్రెషన్లలో మీరు చేత్తో రాసిన తేదీ ఏదైనా ఉంటే అది ఎప్పుడూ నెల, తేదీ, సంవత్సరం వరసలోనే ఉండాలి. దాన్ని మార్చకండి.

లొకేల్ మార్చగానే కొన్ని సెల్స్‌లో తేదీలు తిరగబడి కనిపిస్తాయి. టెన్షన్ పడి మళ్లీ అమెరికాకు మార్చేయకండి. షీట్ ఇప్పటిదాకా లోపల ఏమనుకుంటోందో అది ఇప్పుడు బయటికి చూపిస్తోంది. లొకేల్ మార్చినంత మాత్రాన పాత డేటా బాగుపడదు. ఇకమీదట వచ్చేది మాత్రమే సరిగ్గా పడుతుంది.

పాతవాటికి సులువైన దారి, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి లిస్టు మళ్లీ తీసి ఎక్కించడం. అది కుదరకపోతే పక్కన ఒక ఖాళీ కాలమ్ తీసుకోండి. తేదీగా పడిన సెల్స్‌కు డేట్ ఫంక్షన్ రాసి, నెల ఉండాల్సిన చోట డే ఫంక్షన్, రోజు ఉండాల్సిన చోట మంత్ ఫంక్షన్ ఇవ్వండి, తారుమారైనవి తిరిగి సర్దుకుంటాయి. అక్షరాలుగా మిగిలిన సెల్స్‌కు కుడివైపు నాలుగు అంకెలు సంవత్సరం, మధ్య రెండు నెల, ఎడమ రెండు తేదీగా రైట్, మిడ్, లెఫ్ట్ ఫంక్షన్లతో విడదీసి డేట్‌కి ఇవ్వండి. ఏ సెల్ ఏ రకమో ఇజ్‌నంబర్ చెబుతుంది. ఫలితాన్ని వాల్యూస్‌గా మాత్రమే పాత కాలమ్ మీద పేస్ట్ చేయండి.

ఒక ప్రమాదం. షీట్‌లో అన్ని అడ్డువరసలూ తప్పు కాదు. పేస్ట్ చేసినవి తప్పు, క్యాలెండర్ మీద నొక్కి ఎంచుకున్నవి, గూగుల్ ఫారంలో తేదీ ప్రశ్న ద్వారా వచ్చినవి సరైనవే. కాలమ్ మొత్తానికి ఫార్ములా లాగేస్తే మంచివి పాడవుతాయి. బిల్లు నంబర్ల వరసను బట్టి పేస్ట్ చేసిన అడ్డువరసలు ముందు గుర్తించి, వాటికి మాత్రమే వేయండి. బిల్లు నంబర్ పెరుగుతుంటే తేదీ కూడా ముందుకే నడవాలి. సరిచేశాక కూడా అది వెనక్కి పోతే ఆగి చూడండి.

బాట్ మళ్లీ ఆన్ చేసే ముందు కట్టేసిన బిల్లులన్నిటికీ స్టేటస్ పెట్టించండి. తేదీలు సరైపోయాయి కాబట్టి గడువు దాటిన పాత బిల్లులన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. మర్నాడు పొద్దున్నే పార్టీలందరికీ మెయిల్స్ పోతే ఫోన్లు ఎత్తలేరు. బాట్ కండిషన్ కూడా ఈ సందర్భంలోనే మార్చుకోండి. "గడువు ఇవాళే" అని ఉంటే, ఏ కారణంగానైనా ఒక రోజు తప్పిందంటే ఆ బిల్లుకు ఇక ఎప్పటికీ రిమైండర్ వెళ్లదు. "గడువు ఇవాళ లేదా అంతకు ముందు, బాకీ ఉంది, చివరి రిమైండర్ తేదీ ఖాళీ" అని పెట్టి, మెయిల్ వెళ్లగానే ఆ చివరి కాలమ్ నింపించండి.

లొకేల్ మార్చినా మళ్లీ అదే వస్తోంది

అయితే తప్పు షీట్‌కి రాకముందే జరుగుతోంది. ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ రీజియన్ అమెరికా మీద ఉంటే, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవగానే తేదీలు అక్కడే తారుమారవుతాయి. మీరు షీట్‌లో పేస్ట్ చేసేది అప్పటికే చెడిన డేటా. కంప్యూటర్ రీజియన్ ఇండియాకి మార్చండి. అంతకంటే మంచిది, ఎక్సెల్‌ని మధ్యలోకి తేకుండా ఫైల్‌ని నేరుగా గూగుల్ షీట్‌లో ఇంపోర్ట్ చేయడం. ఇంపోర్ట్ అప్పుడు టెక్స్ట్‌ని నంబర్లు, తేదీలుగా మార్చమనే టిక్ తీసేస్తే వచ్చింది వచ్చినట్టే ఉంటుంది, తేదీని మీ ఫార్ములాతో మీరే విడదీసుకోవచ్చు.

కాపలాగా బిల్లు తేదీ కాలమ్‌కి ఒక కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. సెల్ తేదీ కాకపోయినా, ఇవాళ్టి తర్వాతి తేదీ అయినా ఎర్రరంగు రావాలి. డేటా వాలిడేషన్ ఒక్కటే నమ్ముకోకండి. కాపీ చేసిన సెల్స్ పేస్ట్ చేస్తే అది దాటిపోతుంది.

రిమైండర్ వెళ్తోంది కానీ ఒక రోజు తేడాతో

షీట్ టైమ్ జోన్ అమెరికా పడమటి తీరం మీద ఉంది. మనకు ఉదయం 9 గంటలైతే అక్కడ ఇంకా నిన్నటి రాత్రే, కాబట్టి షీట్‌లో టుడే ఫంక్షన్ నిన్నటి తేదీ ఇస్తుంది. ఫైల్ సెట్టింగ్స్‌లో మార్చండి. యాప్స్ స్క్రిప్ట్ (షీట్‌కి జతచేసే గూగుల్ కోడ్) వాడుతుంటే ఆ ప్రాజెక్ట్‌కి టైమ్ జోన్ వేరుగా ఉంటుంది, షీట్‌లో మారిస్తే అది మారదు. బాట్ షెడ్యూల్‌లో ఉన్న టైమ్ జోన్ కూడా చూసుకోండి.

ఒకరి బిల్లు ఇంకొకరికి వెళ్తోంది

టేబుల్ కీని (ఏ బిల్లు ఏదో యాప్ గుర్తుపట్టే కాలమ్‌ని) రో నంబర్ మీద పెట్టారు, ఎవరో షీట్‌ని సార్ట్ చేశారు. బిల్లు నంబర్‌ని, లేదా యూనిక్ ఐడీ కాలమ్‌ని కీ చేయండి.

మిగతావి అరుదు. పార్టీ మెయిల్ అడ్రస్ చివర స్పేస్ పడి ఉండటం, మెయిల్ స్పామ్‌లో పడటం, మామూలు జీమెయిల్ ఖాతాతో యాప్స్ స్క్రిప్ట్ నడుపుతూ రోజుకు 100 మంది పరిమితి దాటడం. పైవన్నీ చూశాకే వీటి దగ్గరికి రండి.