క్రిస్మస్ చెట్టును సాగనంపే ముందు

స్వీడన్‌లో క్రిస్మస్ జనవరి 13తో ముగుస్తుంది. డిసెంబరు 25ను ఒకటిగా లెక్కపెట్టుకుంటూ వస్తే అది ఇరవయ్యో రోజు. 1131లో హత్యకు గురైన డెన్మార్క్ రాజవంశీకుడు క్నూట్ పేరు మీద ఉన్న రోజు. ఆ రోజు గానీ, దగ్గర్లో పడ్డ శని ఆదివారాల్లో గానీ పిల్లల్ని పిలుస్తారు. చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగి, పాటలు పాడి, కొమ్మలకు వేలాడే మిఠాయిలు కోసుకుని, చివరికి చెట్టును బయట పడేస్తారు. దీన్ని యూల్‌గ్రాన్స్‌ప్లుండ్రింగ్ అంటారు. ప్లుండ్రింగ్ అంటే దోపిడీయే!

ఇక్కడి మన తెలుగు ఇళ్లకు ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. భోగి కూడా 13నో 14నో వస్తుంది. 2025లో రెండూ ఒకే రోజు పడ్డాయి. పిల్లలకు భోగిపళ్లు పోసి, అదే ఊపులో చెట్టు దోపిడీ కూడా కానిచ్చేస్తే ఒక్క వంటతో రెండు పండగలు అయిపోతాయి. మా ఇంట్లో అదే పద్ధతి. కాకపోతే రెండు పండగల ప్రమాదాలూ ఒకే గదిలోకి వస్తాయి.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది చెట్టునే. మూడు వారాలకు పైగా హీటర్ల వేడిలో నిలబడి ఉంటుంది. కొమ్మను అరచేత్తో ఒకసారి దువ్వండి. సూదుల్లాంటి ఆకులు జలజలా రాలితే అది ఇక చెట్టు కాదు, అగ్గిపెట్టె కింద లెక్క. అలాంటిది అంటుకుంటే నీళ్లు తెచ్చేలోపే పైకప్పును తాకుతుంది. సరిగ్గా ఆ స్థితిలో ఉన్నప్పుడే పదిమంది పిల్లల్ని దాని చుట్టూ తిప్పుతాం. అందుకే ఆ రోజు ఆ గదిలో కొవ్వొత్తి వద్దు. స్వీడన్ వాళ్లకు కిటికీలో కొవ్వొత్తి లేకపోతే పండగలా ఉండదు, మనకేమో దీపం పెట్టాలి. రెండూ పక్క గదిలో, ఎత్తులో, ఒక పెద్దమనిషి కళ్లెదుట ఉండాలి. ఆడపిల్లలకు పట్టు పరికిణీ వేస్తే ఓణీ కొంగు నడుముకు బిగించి దోపండి. సింథటిక్ లంగాలు అసలే వద్దు.

పిల్లలు రావడానికి గంట ముందే లైట్ల ప్లగ్ పీకి, తీగ మొత్తం విప్పి తీసేయండి. గాజు బుడగలు కూడా దించి డబ్బాలో పెట్టండి. ఇక్కడ ఇళ్లలో చెప్పులు విడిచి తిరుగుతాం, మేజోళ్లలోంచి గాజుముక్క దిగితే కనపడదు కూడా. కొమ్మలకు కాగితంలో చుట్టిన మిఠాయిలు, అల్లం బిస్కెట్లు ఉంటే చాలు. స్టాండు మరలు మళ్లీ బిగించండి. మొదట్లో గట్టిగా పట్టుకున్న మొద్దు ఎండి సన్నబడుతుంది. ఒక పిల్లాడు మిఠాయి కోసం కొమ్మ పట్టి లాగాడంటే చెట్టు వాడి మీదికే వస్తుంది.

స్టాండులో మిగిలిన నీళ్లు మాత్రం మరిచిపోకండి. మొదటి ఏడాది మేం ఇద్దరం చెట్టును ఠీవిగా పడుకోబెట్టాం. అడుగున ఉన్న లీటరున్నర మురికి నీళ్లు చెక్క నేల మీద పారి, సోఫా కిందికి వెళ్లి, పక్కవాళ్లు తెచ్చిన బూరెల పళ్లెం దాకా వచ్చాయి. ఇప్పుడైతే ముందు రోజే గిన్నె, పాత తువ్వాలు పెట్టి తోడేస్తాను.

తిండి సంగతి. పిలిచేటప్పుడే ఎవరి పిల్లలకు గింజలు, పప్పులు పడవో అడగండి. ఇక్కడి మిఠాయిల్లో బాదం ముద్ద ఎక్కువ. ఐదేళ్లలోపు వాళ్ల చేతికి వేరుశనగలు, గుండ్రటి గట్టి మిఠాయిలు ఇవ్వకండి. మన భోగిపళ్లలోనూ అదే ప్రమాదం ఉంది. రేగిపండు గింజ, శనగ, చిల్లర నాణెం, ఈ మూడూ బుజ్జి గొంతుకు అడ్డం పడేవే. చంటిపిల్లలకు పూలరేకులు పోస్తే సరిపోతుంది, ఆచారం ఎక్కడికీ పోదు. ఇంకా భయపడాల్సింది బొమ్మ కొవ్వొత్తుల్లో ఉండే బొత్తాం బ్యాటరీకి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా సరే, వెంటనే 112.

చీకటి తొందరగా పడుతుంది కాబట్టి ఒంటిగంటకే మొదలుపెట్టండి. మెట్ల ముందు మంచు గడ్డకట్టి ఉంటే రాళ్లపొడి చల్లండి. అమ్మమ్మలకు బూట్ల కింద వేసుకునే ముళ్ల పట్టీలు ఇవ్వండి, చీర కట్టుకుని వచ్చేవాళ్లకైతే తప్పనిసరి.

ఇక సాగనంపడం. బాల్కనీలోంచి విసిరితే పిల్లలకు మహా సరదా, కింద నడిచేవాడికి కాదు. పాత దుప్పట్లో చుట్టి, మొద్దు వైపు ముందుండేలా ఇద్దరు పట్టుకుని తలుపులోంచి తీసుకెళ్లండి. మెట్ల దారిలో నిలబెట్టి రేపు చూద్దామనుకోకండి, నిప్పంటుకుంటే అందరూ పారిపోవాల్సింది ఆ దారినే. మునిసిపాలిటీ చెట్లు పోగుచేసే చోటు ఉంటుంది, అక్కడికే చేర్చండి.

ఇక్కడే ప్రతి ఏడూ ఎవరో ఒక బాబాయి అంటాడు, "ఎలాగూ పారేసేదేగా, భోగి మంటలో వేసేద్దామా?" అని. వద్దు బాబాయ్. మన పిడకలు, పాత తలుపు చెక్కలు నిదానంగా కాలతాయి. దీని నిండా బంక, ఒక్కసారిగా భగ్గుమని నిప్పురవ్వలు చిమ్ముతుంది. ఇంట్లో పొయ్యిలోనూ పెట్టకూడదు, పొగగొట్టంలో పేరుకున్న మసికి నిప్పంటుకోవచ్చు. బహిరంగ మంటకు చాలా చోట్ల ఆంక్షలున్నాయి, అదీ ముందే కనుక్కోండి. పిల్లలకు భోగి తెలియాలంటే బయట చిన్న ఇనుప కుంపటిలో నాలుగు ఎండు చెక్కలు, పక్కన నీళ్ల బకెట్ చాలు.

చేతికంటిన బంకకు వంటనూనె రాసి రుద్దితే పోతుంది, సబ్బుతో పోదు. నేలను ముందు చీపురుతో ఊడ్చండి. నేరుగా వాక్యూమ్ పెడితే దాని గొంతులోనే సూదులన్నీ ఇరుక్కుంటాయి. ఎంత ఊడ్చినా ఉగాదికి సోఫా జరిపినప్పుడు మరో నాలుగు కనిపిస్తాయి.