బేసిల్ ఆకుల అంచులు మాడుతున్నాయా? మందు కొట్టే ముందు నీళ్ళు చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే అందరూ ఒకటే అడుగుతారు, బేసిల్ (సబ్జా గింజలిచ్చే తులసి జాతి మొక్క) ఆకులు చివర్లు మాడిపోతున్నాయి, ఏం కొట్టాలి అని. ఏ ఎరువు వేశారో చెబుతారు, వేపనూనె ఎన్నిసార్లు కొట్టారో చెబుతారు, కుండీ ఎక్కడ కొన్నారో కూడా చెబుతారు. పోసే నీళ్ళు ఎక్కడివో మాత్రం చెప్పరు. దయచేసి ముందు అది చూడండి. కుండీకి చిల్లులు ఉన్నాయని, ఐదారు గంటలు ఎండ తగులుతోందని, మట్టిలో వేలు పెట్టి తడి చూశాకే నీళ్ళు పోస్తున్నారని అనుకునే ఇది రాస్తున్నాను.

అంచులు మాడటం, మట్టి తడిగా ఉన్నా మధ్యాహ్నానికి మొక్క వాలిపోవడం

ఇది ఎక్కువగా కింది ముదురాకులతో మొదలవుతుంది. చివర పసుపు తిరిగి, అక్కడి నుంచి అంచు వెంబడి గోధుమ రంగులోకి మారి, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. ఇప్పుడు కుండీ లోపలి అంచుని గోటితో గీరి చూడండి. తెల్లటి పొడి వచ్చిందా? మట్టి కుండీ అయితే బయటి గోడ మీద కూడా తెల్లగా పొంగి ఉంటుంది. అది ఉప్పు. మట్టిలో ఉప్పు పెరిగితే తడి ఎంత ఉన్నా వేరు ఆ నీటిని లాక్కోలేదు, అందుకే వాలిపోతుంది. దాన్ని చూసి బలం చాలట్లేదని గుప్పెడు డీఏపీ వేస్తారు. ఎరువూ ఉప్పే కాబట్టి ఇంకా త్వరగా మాడుతుంది.

వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్ళు పోయడం మనకి మామూలే. భీమవరం, నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ చాలా ఊళ్ళలో ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అది అందరికీ తెలుసు. తెలియకుండా దెబ్బతీసేది వంటింట్లోని ఆర్వో ఫిల్టర్. దాని నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళని పారబోయడం ఇష్టం లేక బకెట్లో పట్టి మొక్కలకి పోస్తారు. మా పిన్ని అయితే ఆ సన్న గొట్టాన్ని కిటికీలోంచి నేరుగా బేసిల్ కుండీలోకి పెట్టేసింది, రోజంతా బొట్లు బొట్లుగా పడుతూనే ఉంటుంది. "మంచి నీళ్ళేరా, నోట్లో పోసుకుని చూశాను, ఉప్పగా ఏం లేవు" అంది. నాలుకకి తెలియకపోవచ్చు. కానీ 1000 టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల కొలత) ఉన్న నీళ్ళు ఫిల్టర్లోకి వెళ్ళి అందులో మూడో వంతు తాగేనీరుగా బయటికొస్తే, దాదాపు ఆ ఉప్పంతా మిగతా రెండు వంతుల్లోనే ఉంటుంది, అంటే దగ్గర దగ్గర ఒకటిన్నర రెట్లు. పైగా చెంబుడు చెంబుడు పోస్తే నీళ్ళు కిందికి కారవు. ఎండకి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు కుండీలోనే ఉండిపోతుంది. కింద ప్లేటు పెడితే కారిన కాస్త ఉప్పునీ మట్టి మళ్ళీ పీల్చుకుంటుంది.

కొబ్బరి పొట్టు సంగతీ ఇంతే. కోనసీమలో పీచు తీసేచోట సంచి నింపుకొచ్చి అలాగే కలిపేస్తారు. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి నానబెట్టి, నీళ్ళు పిండేసి వాడండి.

ఏం చేయాలంటే, కుండీ కింద ప్లేటు తీసేసి, నీళ్ళు పారే చోట పెట్టి, వాననీరో, కాలువ నీరో, ఏదీ లేకపోతే కొన్న టిన్ను నీళ్ళో నిదానంగా పోయండి. పది లీటర్ల కుండీకి కనీసం ఇరవై లీటర్లు పోసి, మొత్తం కిందికి కారిపోనివ్వాలి. రెండు వారాలు ఎరువు జోలికి వెళ్ళొద్దు. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు, తీసేసి కొత్త చిగురు ఎలా వస్తుందో చూడండి. టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, 500 లోపు ఉంటే టెన్షన్ లేదు, 1000 దాటితే నేనైతే బేసిల్‌కి పోయను. వేస్ట్ నీళ్ళతో గచ్చు కడుక్కోండి.

కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్క వారంలోనే వడలిపోవడం

వేరు చుట్టూ ఉన్న బంకమట్టి ముద్దని అలాగే దించి, చుట్టూ గుల్ల మట్టి పోసి ఉంటారు. పైన వేలికి తడి తగులుతుంది, లోపల ముద్ద రాయిలా ఎండి ఉంటుంది. బకెట్ నీళ్ళలో నానబెట్టి, పైపొర మట్టి మెల్లగా వదిలించి, సాయంత్రం పూట మళ్ళీ నాటండి.

ఆకు పైన పసుపు, అడుగున బూడిదరంగు బూజు

వానాకాలపు జబ్బు. ఆకులు రాత్రంతా తడిగా ఉంటే వస్తుంది. పట్టిన ఆకులు తీసి పారేయండి, నీళ్ళు మొదట్లోనే పోయండి. మొక్కంతా పాకితే పీకేయడమే. వైరస్ లాంటివి ఇంటి కుండీల్లో అరుదు, వాటి గురించి బుర్ర పాడుచేసుకోకండి.

ఆకులు చిన్నవై చేదెక్కడం

పూత వదిలేశారు. సబ్జా గింజలు కావాలంటే ఒక కొమ్మ వదలండి, మిగతావి మొగ్గ కనబడగానే ఆకుల జంటకి కాస్త పైన తుంచండి, అక్కడే రెండు కొమ్మలు వేస్తుంది.

కోసిన ఆకు నల్లబడటం

బేసిల్‌కి ఫ్రిజ్ చలి పడదు. కొమ్మల్ని గ్లాసు నీళ్ళలో పెట్టి నీడన బయటే ఉంచండి. మన ఉక్కపోతలో ఆరబెడితే ఆరేలోపే నల్లబడుతుంది, వానల్లో అయితే బూజే. దానికంటే ఆకు కడిగి, తడి లేకుండా తుడిచి, నూనెతో రుబ్బి ఐస్ ట్రేలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం మేలు. ఆ నూనె ముద్దని సీసాలో పోసి బయట మాత్రం ఉంచకండి. గాలి తగలని నూనెలో పచ్చి ఆకు ఉంటే ప్రమాదకరమైన విషం తయారయ్యే అవకాశం ఉంది, వాసనలో తేడా కూడా తెలియదు. ఎప్పటికప్పుడు ఒక్కో ముక్క తీసి వాడుకోండి.