ఇంట్లో గిటార్ చేసేవాళ్లకి: రూటర్ కంటే గుడ్డముక్కకే ఎక్కువ భయపడండి

రూటర్ (వేగంగా తిరిగే బిట్‌తో చెక్కని కోసే మిషన్) అంటే మొదట్నించీ భయమే కాబట్టి దాని దగ్గర ఇప్పటిదాకా నాకు గీత కూడా పడలేదు, చెయ్యి కాలింది మాత్రం సూపర్ గ్లూతో. నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే చిన్న పట్టీ) అతికిస్తుంటే ఒక చుక్క ఎక్కువైంది, కారిపోతుందేమో అని చేతికి దొరికిన పాత బనీను ముక్కతో అదిమేశా, రెండు సెకన్లలో గుడ్డలోంచి సన్నగా పొగ, వేలు చుర్రుమంది, విదిలిద్దామంటే గుడ్డ అప్పటికే వేలికి అతుక్కుని ఉంది. ఈ జిగురు కాటన్ మీద పడితే ఒక్కసారిగా గట్టిపడిపోతుంది, ఆ గట్టిపడడంలో బాగా వేడి పుడుతుంది, ఒక చుక్కకే బొబ్బ వచ్చింది. అందుకే ఫ్రెట్లు (నెక్ మీది లోహపు గీతలు), నట్, ఇన్‌లేలు (చెక్కలో పొదిగే అలంకారపు ముక్కలు) అతికించేటప్పుడు కాటన్ గ్లౌజులు వద్దే వద్దు, నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, ఎక్కువైన జిగురుని తుడవకుండా ఆరనిచ్చి తర్వాత బ్లేడుతో గీకండి. మొహం కూడా దానికి ఎదురుగా పెట్టకండి, ఆ ఆవిరికి కళ్లు మండి నీళ్లొస్తాయి.

అప్పుడర్థమైంది నాకు, గోల చేసే మిషన్ దగ్గర మనం ఎలాగూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటాం, చప్పుడు చెయ్యని వస్తువుల దగ్గరే ఏమరుపాటు. అలాగని రూటర్‌ని తేలిగ్గా తీసుకోమని కాదు, మొదటి బాడీ కోసే రోజు రిస్క్ కూడా తక్కువేం కాదు, అందుకే ముందు దాని సంగతి.

ఎలక్ట్రిక్ గిటార్ బాడీ మందం మామూలుగా 44, 45 మిల్లీమీటర్లు ఉంటుంది, అంత చెక్కని ఒకే పాస్‌లో (ఒకే విడతలో) కోసేద్దాం అనుకోవద్దు. ముందు జిగ్‌సాతోనో బ్యాండ్‌సాతోనో గీత బయట 2, 3 మిల్లీమీటర్లు వదిలి కోసేసుకోండి, రూటర్‌కి ఆ కొసరు మాత్రమే మిగలాలి. లోతు కూడా ఒక్కో పాస్‌కి 4, 5 మిల్లీమీటర్లు మించకుండా దించుకుంటూ పోవాలి. పికప్ (తీగల కదలికని పట్టే అయస్కాంతపు ముక్క) గుంటలు, కంట్రోల్ క్యావిటీ (నాబ్‌లు, వైర్లు పట్టే గుంట) అయితే ముందు ఫోర్‌స్ట్నర్ బిట్‌తో (అడుగు చదునుగా ఉండే వెడల్పు రంధ్రాలు వేసే బిట్) వరసగా రంధ్రాలు వేసి చెక్క చాలావరకు తీసేస్తే రూటర్‌కి అంచులు సాఫు చేసే పనే ఉంటుంది. బిట్‌ని కాలెట్‌లో (రూటర్‌లో బిట్‌ని పట్టుకునే గొట్టం) అడుగుదాకా దించి, మళ్లీ 2, 3 మిల్లీమీటర్లు పైకి లాగి బిగించండి, అడుగుకి ఆనించి బిగిస్తే పట్టు సరిగా దొరకదు, తిరుగుతుండగా మెల్లగా జారుతుంది. బేరింగ్ (బిట్‌కి ఉండే, టెంప్లేట్ అనే ఆకారపు అచ్చు అంచుకి ఆనుకుని దొర్లే చిన్న చక్రం) పైనున్న చిన్న స్క్రూ కూడా ప్రతిసారీ చూసుకోండి. ఇదంతా ప్లగ్ తీసేసిన తర్వాతే, స్విచ్ ఆఫ్‌లో ఉందిలే అని బిట్ మార్చేవాళ్లని చూస్తే నాకు వణుకొస్తుంది.

ఏ వైపు తిప్పాలి అనేది చాలామంది తికమకపడే విషయం. చేత్తో పట్టుకునే రూటర్‌తో బాడీ బయటి అంచు కోస్తుంటే గడియారం ముల్లుకి ఎదురు దిశలో వెళ్లాలి, గుంట లోపలి అంచు కోస్తుంటే ముల్లు తిరిగే దిశలోనే వెళ్లాలి. తప్పు దిశలో వెళ్తే బిట్ చెక్క మీద చక్రంలా ఎక్కి మనల్ని లాక్కుపోతుంది. సరైన దిశలో వెళ్తున్నా ఒకచోట మాత్రం జాగ్రత్త, కొమ్ములు ఉంటాయి కదా, నెక్ పక్కన పొడుచుకొచ్చేవి, అక్కడ వంపులో గ్రెయిన్ (చెక్క పోగుల వరస) ఒక్కసారిగా అడ్డం తిరుగుతుంది, బిట్ అక్కడే గ్రెయిన్‌లో ఇరుక్కుని పెద్ద పెచ్చు లేపేస్తుంది. పెచ్చు పోతే బాడీ పోయినట్టు, అది పోయే ఊపులో రూటర్ ఎగిరితే చెయ్యి పోయినట్టు. ఆ కొమ్ము లోపలి వంపు దగ్గర నేను ముప్పావు వంతు శాండింగ్ డ్రమ్‌తోనే చేసుకుంటా, టైమ్ పట్టినా పర్లేదు.

టెంప్లేట్ అతికించే డబుల్ సైడ్ టేప్ మీద దుమ్ము ఉంటే పట్టదు, మధ్యలో జారితే బేరింగ్‌కి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. చెక్క, టెంప్లేట్ రెండూ తుడిచి, అతికించాక క్లాంప్‌తో ఒక నిమిషం నొక్కి ఉంచి చూడండి. గ్లౌజులు తిరిగే మిషన్ల దగ్గర అసలు వద్దు, వదులు చేతుల చొక్కా, మెడలో వేలాడేవి, విరబోసుకున్న జుట్టు కూడా వద్దు. ఇంకోటి, బ్రాస్ ప్లేట్లు, పిక్‌గార్డ్ లాంటి చిన్న పలచని ముక్కల్ని చేత్తో పట్టుకుని డ్రిల్ చేస్తారు కొందరు, బిట్ అవతలికి తేలే చివరి క్షణంలో ముక్క బిట్‌తో పాటు ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది, కింద ఒక చెక్క పెట్టి రెండు వైపులా క్లాంప్ చేస్తేగానీ డ్రిల్ ఆన్ చెయ్యకండి.

చెవుల మాట కూడా చెప్పాలి, మనం పాటల మనుషులం కాబట్టి. రూటర్ రొద 95 నుంచి 100 డెసిబెల్స్ దాకా పోతుంది. అమెరికాలో నియాష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు ఓకే, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైమ్ సగమైపోతుంది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. ఒక బాడీకి రూటర్ దగ్గర అంతకంటే ఎక్కువసేపే నిలబడతాం. ఇయర్‌మఫ్స్ లేకపోతే ఆ రోజు పని మానెయ్యడమే.

ఇక పొట్టు. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని ఐఎఆర్‌సి (ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ) 1995లోనే తేల్చేసింది, ముఖ్యంగా గట్టి చెక్కల దుమ్ము ముక్కు లోపలి భాగాలకి మంచిది కాదు. వీటిల్లో రోజ్‌వుడ్, కొకొబోలో లాంటివి ఇంకా మొండివి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లొస్తాయి, తమాషా ఏంటంటే మొదటి రెండు మూడు ఫ్రెట్‌బోర్డులకి ఏమీ కాదు, ఒంటికి అలవాటైందిలే అనుకునేసరికి ఒకరోజు మొదలై ఇక ఎప్పుడు ముట్టుకున్నా వస్తుంది. టెంప్లేట్లకి వాడే ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక) పొట్టు కూడా బాగా సన్నగా ఉంటుంది, దాంట్లో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. మొహానికి రుమాలు కట్టుకుంటే ఏమీ ఆగదు, ఎన్‌95కి తగ్గకుండా మాస్క్ ఉండాలి, గడ్డం ఉంటే అది మొహానికి సరిగా ఆనదని గుర్తుంచుకోండి. పని అయ్యాక చీపురుతో ఊడిస్తే కింద పడిందంతా మళ్లీ లేస్తుంది, వాక్యూమ్ వాడండి, మాస్క్ కూడా వెంటనే తియ్యకండి, కంటికి కనపడని దుమ్ము ఇంకా చాలాసేపు గాల్లోనే ఉంటుంది.

రంగు దగ్గరికొద్దాం, ఇక్కడే జనం మరీ ధైర్యం చేస్తారు. నైట్రో లాకర్ (నైట్రోసెల్యులోజ్‌తో చేసే మెరిసే పూత) కొడుతున్నప్పుడు వచ్చే ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది, పక్క గదిలో స్టవ్ వెలుగుతున్నా, లైట్ స్విచ్‌లో చిన్న నిప్పురవ్వ వచ్చినా చాలు అంటుకోడానికి. కిటికీ తీసి మామూలు టేబుల్ ఫ్యాన్ పెట్టేశాం కదా అంటారు, ఆ ఫ్యాన్ మోటారులో కూడా నిప్పురవ్వ రావచ్చు. ఆరుబయట కొట్టండి, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయనాల ఆవిరిని పీల్చుకునే ఫిల్టర్ డబ్బా) ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోండి, పొట్టుకి వాడే మాస్క్ ఆవిరిని ఆపదు. ముసురు పట్టిన రోజుల్లో అసలు మొదలుపెట్టకండి, గాల్లో తేమకి లాకర్ పాలు పోసినట్టు తెల్లబడుతుంది.

టూ-కె పాలీయురేథేన్ (హార్డెనర్ కలిపి కొట్టే రెండు భాగాల పూత) సంగతి వేరు, అది అద్దంలా మెరుస్తుంది నిజమే, కానీ దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఒకసారి ఊపిరితిత్తులకి పడకుండా పోయాయంటే తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం వస్తుంది, పైగా వాసన పెద్దగా ఉండదు కాబట్టి మాస్క్ కార్ట్రిడ్జ్ అయిపోయిందని కూడా తెలీదు. బయటి నుంచి గాలి పంపే మాస్క్ లేకుండా దాన్ని ఇంట్లో స్ప్రే చెయ్యకూడదు, డబ్బాలో వచ్చే స్ప్రే అయినా అంతే. అంత మెరుపే కావాలంటే కార్లకి పెయింట్ వేసే బూత్‌లో ఇచ్చెయ్యండి, నేనైతే ఆయిల్ ఫినిష్‌తో సరిపెట్టుకుంటా.

అయితే ఆయిల్ సాఫ్ట్‌గా కనిపిస్తుంది కదా అని నమ్మకండి. లిన్సీడ్, టంగ్, డేనిష్ ఆయిల్ ఆరేటప్పుడు గాల్లో ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతాయి, నూనె గుడ్డని ఉండగా చుట్టి చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి బయటికి పోలేక కొన్ని గంటల తర్వాత దానంతట అదే అంటుకుంటుంది, అప్పటికి మీరు నిద్రలో ఉంటారు. గుడ్డల్ని విప్పి ఆరుబయట ఒక్క పొరగా ఆరెయ్యండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి. ఒకరోజు పొద్దున్నే దండెం మీద ఆరేసిన గుడ్డ పట్టుకుంటే అట్టముక్కలా గట్టిపడి ఉంది, అలా అయ్యాకే పారెయ్యాలి.

ఇంకో చిన్న సంగతి, ఫ్రెట్లు పాలిష్ చేసే స్టీల్ ఉల్ (సన్నటి స్టీలు పీచు) ఉంటుంది కదా, యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో పనిచేసే బేస్ గిటార్) చేసేవాళ్ల బెంచి మీద దాని పక్కనే 9 వోల్ట్ బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీ రెండు మొనలకీ ఆ పీచు తగిలితే నిప్పంటుకుంటుంది, అగ్గిపెట్టె అక్కర్లేదు. పైగా దాని నలుసులన్నీ పికప్ అయస్కాంతాలకి అతుక్కుంటాయి, పికప్‌లు బిగించాక స్టీల్ ఉల్ ఆ గదిలోకే రానివ్వకండి.

వైరింగ్‌లో ఒంటికి పెద్ద ప్రమాదం లేదు, గిటార్ లోపల ఇంటి కరెంట్ ఉండదు. సోల్డర్‌లో సీసం ఉంటే చేతులు కడుక్కోండి, వైర్ కొస కత్తిరించేటప్పుడు అది కంట్లోకి ఎగరకుండా రెండో చేత్తో పట్టుకోండి. బ్రిడ్జికి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) గ్రౌండ్ వైర్ వేస్తాం కాబట్టి తీగలు ఆంప్ ఎర్త్‌కి కలిసే ఉంటాయి, ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేసి వాడితే ఆ తీగలే షాక్ కొట్టొచ్చు. ట్యూబ్ ఆంప్ వెనక మూత మాత్రం తియ్యకండి, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో 300, 400 వోల్టులు కూర్చుని ఉండొచ్చు.

బ్రిడ్జి రంధ్రాలు వేసే ముందు కొలత టేపు పట్టుకోండి. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి ఎంత ఉందో దానికి రెట్టింపు స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు), 648 మిల్లీమీటర్ల గిటార్‌కి 324 రావాలి, 864 బేస్‌కి 432. నెక్ స్క్రూలు వేసేటప్పుడు డ్రిల్ బిట్‌కి టేప్ ముక్క చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, లేకపోతే మొన ఫ్రెట్‌బోర్డ్ మీద తేలి పలకరిస్తుంది.

చివర్లో తీగలు. మామూలు 10-46 సెట్ (సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందాన్ని చెప్పే అంకెలు) ట్యూన్ చేస్తే నెక్ మీద మొత్తం 45 కిలోల పైనే లాగుడు, నాలుగు తీగల బేస్ అయితే 70 దాటుతుంది. కొత్త జాయింట్ మీద అంత బరువు ఒకేసారి వెయ్యకుండా మొదటి రోజు కళ్లద్దాలు పెట్టుకుని రెండు మూడు స్వరాలు కిందికే ట్యూన్ చేసి, రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున లేచి జాయింట్ దగ్గర జుట్టులాంటి చీలిక ఏమైనా కనిపిస్తుందేమో టార్చ్ వేసి చూసి, నెక్ వంపు చూసి, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీ) తిప్పాల్సొస్తే పావు చుట్టు తిప్పి ఆగండి, గట్టిగా అనిపిస్తే ముందు తీగలు వదులు చేసి, అప్పుడు తిప్పండి.