వానలకు ముందు సిమ్యులేటర్ రోబో దగ్గర చూసుకోవలసినవి

బరంపురం, రాయగడ, జయపురం వైపు ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రాలు కాలబైశాఖి గాలి లేస్తుంది, ఉరుము వినపడగానే కరెంటు పోతుంది. ఆ వెనకే వానలు, అక్టోబరులో తుపాను టెన్షన్. ఇంట్లో ఫ్యాను ఆగితే సర్దుకుంటాం. రోబో చెయ్యి చివర సీటులో బెల్టు కట్టుకుని, ముందుకు వంగి ఉన్న కుర్రాడి సంగతి అలా కాదు. కాలేజీ ల్యాబులోనో, డ్రైవింగ్ స్కూల్లోనో, జాతర మైదానంలోనో ఇలాంటి సిమ్యులేటర్ (రోబో చేతికి సీటు బిగించి, తెరమీది బొమ్మకు తగ్గట్టు మనిషిని కదిలించే మెషీన్) నడిపేవాళ్లూ, పెడదామనుకుంటున్నవాళ్లూ సీజను రాకముందే కొన్ని పనులు చేసి పెట్టుకోవాలి.

ఫ్యాక్టరీలో రోబో చుట్టూ కంచె ఉంటుంది. గేటు తెరిస్తే రోబో ఆగిపోతుంది, అంటే మనిషి దూరంగా ఉండటమే అక్కడి భద్రత. సిమ్యులేటర్లో మనిషి రోబో చేతిలోనే కూర్చుంటాడు. కంచె బయటివాళ్లను కాపాడుతుంది గానీ లోపలివాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే సెకండ్ హ్యాండు వెల్డింగ్ రోబో చవగ్గా దొరికిందని దానికి కారు సీటు బిగించే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే మానుకోండి. మనుషులను ఎక్కించడానికి కుకా లాంటి రోబోల కంపెనీ ‘రోబోకోస్టర్’ అని వేరే మోడలే తయారుచేసింది. మామూలు రోబోకు సీటు తగిలిస్తే అది అలాంటి మెషీన్ అయిపోదు.

సుంకి ఘాట్ దిగుతూ బ్రేకు వేసిన అనుభూతి ఇవ్వాలంటే మెషీన్ నిజంగా అంత దూరం జరగలేదు. కాబట్టి సీటును నెమ్మదిగా ముందుకు వంచుతుంది. తెరమీద రోడ్డు మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. మన ఒంటి బరువే బ్రేకు తోపులా తెలుస్తుంది. ఆరు జాకీల మీద నిలబడే విమాన సిమ్యులేటర్లోనూ ఇదే కిటుకు. అంటే కరెంటు పోయే క్షణానికి సీటు సమతలంగా ఉంటుందన్న నమ్మకం లేదు.

అత్యవసరంగా ఆపడానికి ఎర్ర బటన్ ఉందిగా అంటారు. దాన్ని నొక్కితే ఏమవుతుందో ముందు కనుక్కోండి. ఆపడంలో రెండు రకాలున్నాయి. ఒకటి, మోటార్లకు కరెంటు అప్పటికప్పుడు తెగిపోయి బ్రేకులు ఠక్కున పడటం. రెండోది, వేగం తగ్గించుకుంటూ ఆగి, ఆగాక కరెంటు తెగటం. వేగంగా తిరుగుతున్న చెయ్యి ఠక్కున ఆగితే మెడ పట్టేస్తుంది, ఒక్కోసారి అంతకంటే పెద్ద దెబ్బే. మనిషి ఎక్కే మెషీన్‌కు చాలా సందర్భాల్లో రెండోదే మేలు. కానీ మెల్లగా ఆగడానికీ కరెంటు కావాలి. లైను పోయినా ఆ కొద్ది సెకన్లు నడిపించే ఏర్పాటు ఉందా, యూపీఎస్ కంప్యూటరుకే ఉందా, మోటార్లను నడిపే డ్రైవ్‌లకూ ఉందా అని అమ్మినవాళ్లను కాగితం మీద అడగండి. నోటి మాట చాలదు.

ఇక బ్రేకులు. వీటిని స్ప్రింగు పట్టి ఉంచుతుంది, కరెంటు వస్తేనే విడుస్తాయి. కాబట్టి లైను పోతే చెయ్యి కింద పడదు, ఉన్నచోట బిగుసుకుంటుంది. బ్రేకు లైనింగు అరిగితే మాత్రం మెల్లగా జారుతుంది. పరీక్షకు మనిషి అక్కర్లేదు. మెషీన్‌కు రాసి ఉన్న పరిమితి దాటకుండా, ఎక్కే మనిషి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు సీటుకు కట్టి, చెయ్యి చాచిన భంగిమలో ఆపి, డ్రైవ్‌లు ఆఫ్ చేయండి. సీటు అంచు ఎక్కడుందో గోడమీద చాక్‌పీసుతో గీత పెట్టి, కాసేపాగి చూడండి. గీత కంటే కిందికి వచ్చిందంటే ఆ మెషీన్‌లో ఎవరినీ కూర్చోబెట్టకూడదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ దాని కింద ఎవరూ ఉండకూడదు.

అసలు కష్టం ఆ తర్వాత. బ్రేకు బిగుసుకుంది, మనిషి పైన వేలాడుతున్నాడు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. దించేది ఎలా? చాలామంది దీని గురించి ఆలోచించరు. నా దృష్టిలో ఎర్ర బటన్ కంటే ఇదే ముఖ్యం. తగిన ఎత్తు నిచ్చెన, బ్యాటరీ లైటు, చేత్తో బ్రేకు విడిపించే పరికరం కంచె పక్కనే ఉండాలి, స్టోరు రూములో తాళం వేసి కాదు. ఒక బ్రేకు విడిస్తే చెయ్యి సొంత బరువుకే దిగిపోతుంది కాబట్టి కంపెనీ దగ్గర నేర్చుకున్నవాళ్లే ఆ పని చేయాలి. బెల్టు విప్పేముందు మనిషిని కింద నుంచి ఇద్దరు పట్టుకోవాలి. పెద్ద విమాన సిమ్యులేటర్లకు మనిషి ఎక్కే వంతెన వెనక్కి లేచి, తలుపు మూసుకుంటేనే కదలిక మొదలవుతుంది. దిగడానికి విడిగా నిచ్చెనో తాడో పెడతారు. ఒకసారి మెయిన్ ఆపేసి, ఖాళీ సీటుతో ఈ కసరత్తంతా చేసి చూడండి.

కంచె గేటు తెరిస్తే రోబోను ఆపే స్విచ్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని కొందరు జంపర్ వైరు వేసి డైరెక్ట్ చేసేస్తారు. వానాకాలం తేమకు ఆ స్విచ్‌లో తుప్పు పడితే స్విచ్ మార్చాలి, దాన్ని తప్పించకూడదు. రోబోకు కదలికలు నేర్పే టీచ్ మోడ్‌లో చెయ్యి వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రమాణం. ఆ మోడ్‌లోనూ సీటులో మనిషి వద్దు.

రోబోను నేలకు బిగించే బేస్ బోల్టుల మీద నట్టు నుంచి ప్లేటు దాకా పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందన్నమాట. రోజూ పొద్దున చూడటానికి నిమిషం పట్టదు. రోబో చేతి మణికట్టు దగ్గర వంగే కేబుల్ తొడుగు పగిలిందేమో, ఎలుక కొరికిందేమో చూడండి. వానలకు ఎలుకలు, బల్లులు కరెంటు ప్యానెల్లో చేరతాయి, కేబుల్ దూరిన రంధ్రాలు మూసేయండి. ఎర్తింగ్ గుంత ఎండిపోకముందే చూపించండి. జనరేటరుకు మారినప్పుడు ఫేజుల వరుస తారుమారు కాకుండా ఎలక్ట్రీషియన్ చేత సరిచూపించండి.

ఎక్కేవాళ్ల సంగతి క్లుప్తంగా. గర్భిణులు, గుండె జబ్బు, మూర్ఛ, వెన్ను నొప్పి ఉన్నవాళ్లు వద్దు. ఫోను, తాళాలు, చున్నీ బయటే. ఆపరేటరు తెలుగువాడు, సీటులో ఉన్నది ఒడియా పిల్లాడు కావచ్చు, అందుకే ‘స్టాప్’ ఒక్క మాటా, చెయ్యెత్తడం ఒక్క సైగా ముందే చెప్పి ఉంచండి. దిగాక తల తిరుగుడు కొంతసేపు ఉంటుంది. వెంటనే బైకు ఎక్కనివ్వకండి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర దాటి గజపతి, గంజాం జిల్లాలను ముంచింది. తుపాను హెచ్చరిక రాగానే రోబో చెయ్యిని కిందికి మడిచి, మెకానికల్ లాకు వేసి, మెయిన్ ప్లగ్గే పీకేయండి. ప్యానెల్లోకి నీళ్లు వెళ్లి ఉంటే ఎండబెట్టి, మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఇన్సులేషన్ చూసేదాకా స్విచ్ వేయవద్దు. మెగ్గర్ పెట్టేముందు మోటారు వైర్లను డ్రైవ్‌ల నుంచి విప్పేయాలి. లేకపోతే వానలో పాడవకుండా మిగిలిన డ్రైవ్ మెగ్గర్ వోల్టేజీకి పోతుంది.