కోపిష్టి బాస్‌తో నెగ్గుకురావడం – 3వ పాఠం: "ఎంతసేపు?"

పోయిన పాఠంలో ట్రంప్ బోర్డ్‌రూమ్ చూశాం. ఉద్యోగం కోసం పోటీపడేవాళ్లలో వారానికొకర్ని ట్రంప్ ఇంటికి పంపించే టీవీ షో 'ది అప్రెంటిస్'. 2004లో వచ్చిన దాని రెండో సీజన్‌లో బ్రాడ్‌ఫర్డ్ కోహెన్ అనే లాయరుకు ఆ వారం ఎలిమినేషన్ నుంచి మినహాయింపు ఉంది. ధైర్యం చూపించుకుందామని దాన్ని తనంతట తానే వదులుకున్నాడు. ట్రంప్ అతన్నే ఇంటికి పంపించాడు. తెగువ చూసి బాస్ మురిసిపోతాడనుకుని దెబ్బతిన్నాడు. ఆ పాఠం చివర మీకిచ్చిన ప్రశ్న గుర్తుందిగా: మీ బాస్ తన పరువు ఎక్కడ పెట్టుకున్నాడు? ఈసారి అదే ప్రశ్నతో వంటింట్లోకి వెళదాం.

కోపానికి పేరుపడ్డ బ్రిటిష్ చెఫ్ గోర్డన్ రామ్సే నడిపే వంటల పోటీ షో 'హెల్స్ కిచెన్' అమెరికాలో 2005లో ఫాక్స్ ఛానెల్లో మొదలైంది. ఎర్ర జట్టు, నీలం జట్టు, బయట హాల్లో ఆకలితో కూర్చున్న అతిథులు. వంటగదికీ హాలుకీ మధ్య 'పాస్' అని ఒక బల్ల. ప్రతి ప్లేటూ ఆ బల్ల మీదికి వచ్చి, రామ్సే కంటపడ్డాకే బయటికి వెళ్తుంది. అతని పరువంతా అక్కడే ఉంది. లండన్ చెల్సీలోని తన రెస్టారెంట్‌కి 2001లో మూడు మిషెలిన్ స్టార్లు (రెస్టారెంట్లకిచ్చే పేరున్న గుర్తింపు, మూడే గరిష్ఠం) తెచ్చుకున్న మనిషికి, పచ్చి చేప తన పేరు మీద బయటికి పోతుందంటే ఒళ్లు మండిపోతుంది. అలాంటివాణ్ణి పొగిడి చల్లార్చలేం. ప్లేటు సరిగ్గా ఉంటే తనే చల్లబడతాడు.

ఇప్పుడు ఒక్క ఆర్డరు దగ్గరగా చూద్దాం. రెండు రిసోటో (ఇటలీ వాళ్ల మెత్తటి అన్నం వంటకం), రెండు స్కాలప్స్ (ఆల్చిప్పల్లాంటి సముద్రజీవుల మాంసం) అని రామ్సే గట్టిగా చదువుతాడు. జట్టంతా "యెస్, చెఫ్" అంటుంది. చూసేవాళ్లకి అది భజనలా వినిపిస్తుంది గానీ, కాదు. ఫ్యాన్ల హోరులో, గిన్నెల చప్పుడులో ఆర్డరు చెవిన పడిందని చెప్పే రసీదు అది. కాసేపటికి "స్కాలప్స్ ఎంతసేపు?" అని అరుస్తాడు. ఎవరు ఎలాంటివాళ్లో ఇక్కడే తెలిసిపోతుంది. ఒకరు తలెత్తకుండా పెనం వైపే చూస్తుంటారు. ఇంకొకరు "వచ్చేస్తున్నాయి, చెఫ్" అంటారు. మరొకరు "రెండు నిమిషాలు, చెఫ్" అంటారు.

అతనికి పనికొచ్చేది మూడో జవాబు ఒక్కటే. రిసోటో దింపాక ఆగదు, చిక్కబడి ముద్దవుతుంది. స్కాలప్స్ రెండు నిమిషాల్లో వస్తాయని తెలిస్తే రిసోటో వాళ్లని ఎప్పుడు దింపమనాలో రామ్సేకి తెలుస్తుంది. "వచ్చేస్తున్నాయి" అంటే అతని చేతికి ఏమీ అందలేదు. మౌనం మరీ ఘోరం. తన వంటగది తన చెయ్యి దాటిపోతోందని అతనికి అనిపించేది ఆ క్షణంలోనే, గొంతు పెరిగేదీ అప్పుడే.

చెప్పే అంకె మాత్రం నిజమై ఉండాలి. నాలుగు నిమిషాలు పట్టేదానికి భయపడి రెండు అన్నారనుకోండి. రెండో నిమిషానికి ప్లేటు పాస్ మీదికి వస్తుంది, రామ్సే స్కాలప్‌ని వేలితో నొక్కి చూస్తాడు, లోపల చల్లగా, పచ్చిగా తగులుతుంది. "నాలుగు" అని ఉంటే ఒక్క అరుపుతో పోయేది. ఇప్పుడు అరుపుతోపాటు మీ మాట మీద నమ్మకం కూడా పోయింది. ఆ రాత్రంతా మీరు ఏ అంకె చెప్పినా నమ్మడు, మీ పొయ్యి దగ్గరికే వచ్చి నిలబడతాడు.

సంజాయిషీ సంగతి క్లుప్తంగా చెప్తాను. పెనం వేడెక్కలేదు, నా గరిటె పక్కవాళ్లు తీసుకున్నారు లాంటివి నిజమే కావచ్చు. ఆ నిమిషంలో వాటికి చోటు లేదు. సర్వీసు అయ్యాక అడిగితే చెప్పండి.

2009లో వచ్చిన ఆరో సీజన్ వీలైతే చూడండి. జోసెఫ్ అనే పోటీదారుడు, ఎలిమినేషన్‌కి తన జట్టు ఎవర్ని నామినేట్ చేసిందో కారణాలతో చెప్పమని రామ్సే అడిగితే వాదనకు దిగాడు. మాటామాటా పెరిగి కొట్లాటకు సిద్ధపడ్డాడు, అక్కడికక్కడే బయటికి పంపేశారు. అదే సీజన్లో డేవ్ లెవీ చెయ్యి విరిగినా కట్టుతోనే పొయ్యి దగ్గర నిలబడి, చివరికి గెలిచాడు. విరిగిన చేత్తో పనిచెయ్యమని మీకు నేను చెప్పను, అది మంచి సలహా కాదు. అతని దగ్గర నేర్చుకోవాల్సింది వేరే. తిట్టు పడ్డ తర్వాత చేసిన ప్లేటులో కోపం కనపడనివ్వలేదు.

ఇంతవరకూ చదివి, అణిగిమణిగి ఉంటే చాలనుకుంటే పొరపాటే. చివరి కొద్దిమంది మిగిలాక రామ్సే ఒక్కొక్కర్నీ పాస్ దగ్గర నిలబెడతాడు. సహాయక చెఫ్ కావాలనే తప్పు ప్లేటు పంపిస్తారు: ఒక చేప బదులు ఇంకో చేప, ఒక కూర ముద్ద బదులు అలాంటిదే ఇంకొకటి. రుచి చూసి, ఆపి, గొంతెత్తి వెనక్కి పంపాలి. అప్పటిదాకా "యెస్, చెఫ్"తో నెట్టుకొచ్చినవాళ్లు ఇక్కడ నీరుగారిపోతారు. తను లేనప్పుడు కూడా ఆ బల్లని తనలాగే కాపాడే మనిషి కావాలి అతనికి. 2012లో పదో సీజన్ గెలిచిన క్రిస్టీనా విల్సన్‌ని తర్వాతి సీజన్లలో అదే షోకి సహాయక చెఫ్‌గా తీసుకున్నారు. నా దృష్టిలో ట్రోఫీ కన్నా పెద్ద గెలుపు అది.

ఒక హద్దు చెప్పాలి. ఈ విద్య పని గురించి అరిచే బాస్ దగ్గర పనిచేస్తుంది. మీ పుట్టుకనో, ఒంటినో, ఇంట్లోవాళ్లనో తిట్టేవాడి దగ్గర ఇది వాడకండి. అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి, వేరే పని వెతుక్కోండి.

ఈ వారం అభ్యాసం. ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. బాస్ "అది ఏమైంది?" అని అడిగిన ప్రతిసారీ మీ నోటినుంచి వచ్చిన మొదటి మాట ఉన్నదున్నట్టు రాయండి. "చేస్తున్నా సార్", "అయిపోవచ్చింది మేడమ్" లాంటివి ఎన్నిసార్లు వచ్చాయో శుక్రవారం లెక్కపెట్టండి. వాటి పక్కన ఆ పనికి ఎంత టైమ్ పడుతుందని అప్పుడు మీకనిపించిందో రాయండి, నిజంగా ఎంత పట్టిందో కూడా రాయండి. రెండింటికీ ఎంత తేడా వస్తోందో చూసుకుని, సోమవారం నుంచి ఆ తేడా కలిపి చెప్పండి. గంట పడుతుందనిపించి గంటన్నర పడుతుంటే, "గంటన్నర, సార్" అనండి. మొదటిసారి ఆ మాట గొంతు దాటడం కష్టంగానే ఉంటుంది. నోటుబుక్ దగ్గర ఉంచుకోండి, నాలుగో పాఠం దానితోనే మొదలుపెడదాం.