ఊరి చెరువు ఎంత కుంచించుకుపోయిందో ఉపగ్రహ చిత్రాల్లో చూడటం ఎలా?

చెరువు కబ్జా అయిందని చెప్పడానికి గూగుల్ మ్యాప్ స్క్రీన్‌షాట్ పట్టుకొచ్చేవాళ్లను చూసి విసుగొచ్చింది. ఆ బొమ్మ ఏ నెలదో అందులో ఉండదు. నెల తెలియనప్పుడు నీళ్ల గురించి ఏం వాదిస్తాం?

ల్యాప్‌టాప్, నెట్ చాలు. ఫోన్ పనికిరాదు. యూరప్ వాళ్ల ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైటు కోపర్నికస్ బ్రౌజర్ తెరిచి, ఊరు వెతికి, సెంటినెల్-2 ఉపగ్రహాన్ని ఎంచుకోండి. చూడటం ఉచితం, డౌన్‌లోడ్‌కు మాత్రం ఖాతా కావాలి, అదీ ఉచితమే. మన ఇస్రో వాళ్ల మ్యాప్ సైటు భువన్ ఉండగా ఇదెందుకని అడుగుతారు. భూ వినియోగ పటాలకు నేనూ భువన్‌కే వెళ్తాను. తేదీలు తిప్పి చూడటానికి మాత్రం ఇదే.

అందరూ తప్పటడుగు వేసేది తేదీల దగ్గరే. 2018 డిసెంబరు బొమ్మ పక్కన నిరుటి మే నెల బొమ్మ పెట్టి ‘చెరువు మాయం’ అంటారు. మేలో ఎండని చెరువు ఎక్కడుంది? డిసెంబరుకు డిసెంబరునే పెట్టాలి. అదీ రెండేళ్లు కాదు, కనీసం నాలుగేళ్లు చూడాలి. వానలు పడని ఏడాది నీళ్లు తగ్గితే అది కబ్జా కాదు. జులై నుంచి సెప్టెంబరు దాకా బొమ్మల జోలికి పోకండి, మబ్బులే కనిపిస్తాయి.

తేదీ కుదిరాక ‘ఫాల్స్ కలర్’ నొక్కండి. పచ్చదనం ఎర్రగా, తేట నీళ్లు నల్లగా, బురద నీళ్లు కాస్త నీలంగా కనిపిస్తాయి. ఇక్కడ రెండు మోసాలున్నాయి. గుర్రపు డెక్క కమ్మేసిన చెరువు కూడా ఎర్రగానే ఉంటుంది, పొలం అనుకుంటారు. మబ్బు నీడ నల్లగా ఉంటుంది, నీళ్లనుకుంటారు. ఈ ఉపగ్రహం పొద్దున పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతుంది కాబట్టి, డిసెంబరులో నీడ మబ్బుకు వాయవ్యాన పడుతుంది. నల్ల మచ్చకు ఆగ్నేయాన తెల్ల మచ్చ ఉంటే అది నీడే.

ఇంకోటి. ఇందులో ఒక్కో చుక్క పది మీటర్లకు పది మీటర్లు, అంటే దాదాపు 120 చదరపు గజాలు. శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో, ఎవరో నాలుగు గజాలు జరిపిన కంచె ఇందులో దొరకదు. దానికి సర్వేయర్ గొలుసే దిక్కు.

సెంటినెల్-2 లేని రోజుల, అంటే 2015కు ముందు సంగతి కావాలంటే అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల వరుస ఉంది, 1972 నుంచి బొమ్మలున్నాయి. 2003 మే తర్వాతి ల్యాండ్‌శాట్-7 బొమ్మల్లో నల్ల చారలు కనిపిస్తే కంగారు పడకండి, అందులో స్కానర్ భాగం ఒకటి చెడిపోయింది.

బొమ్మ దాచుకునేటప్పుడు ఫైలు పేరులోనే తేదీ రాయండి.