మెయిల్ చదవడం నేర్చుకుందాం – నాలుగో పాఠం: అడగకుండా వచ్చిన మందును ఎందుకు కొంటాం?

పోయిన పాఠంలో పంపినవారి పేరును నొక్కి, దాని వెనక ఉన్న అసలు చిరునామా చూడటం నేర్చుకున్నాం. ఆ అభ్యాసం చేయించిన రోజున సోంపేటలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు అడిగారు: "ఇంత సులువుగా బయటపడిపోతుంటే, ఈ మందుల మెయిళ్లను నమ్మి కొనేవాళ్లు ఇంకా ఎవరుంటారు మాస్టారూ?" ఆ ప్రశ్నలో కొంచెం చులకన ఉంది. అది పోతే తప్ప ఈ విద్య ఒంటబట్టదు. అందుకని ఈసారి ఫోను పక్కన పెట్టి, కొనే మనిషి వైపు నుంచి మొదలుపెడదాం.

ముందు లెక్క చూద్దాం. 2008లో వెలువడిన ఒక అధ్యయనం కోసం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక స్పామ్ ముఠా (అడగకుండానే కుప్పలుగా మెయిళ్లు పంపేవాళ్లు) యంత్రాంగంలోకి చొరబడ్డారు. అందులోంచి వెళ్లే మందుల మెయిళ్లను తాము పెట్టిన ఉత్తుత్తి దుకాణం వైపు మళ్లించారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల మెయిళ్లు బయలుదేరాయి. వాటిలో చాలా భాగం దారిలోనే ఆగిపోయాయి. పదివేల పైచిలుకు మంది దుకాణం గుమ్మం దాకా వచ్చారు. కొనబోయినవారు 28 మంది. వారి దగ్గర డబ్బు తీసుకోకుండా అక్కడే ఆపేశారు. అంటే కోటీ పాతిక లక్షల మెయిళ్లకు ఒక్క బేరం. అయినా పంపేవాడికి గిట్టుబాటే, ఎందుకంటే ఆ మెయిళ్లు వెళ్లేది వైరస్ సోకిన ఎవరెవరి కంప్యూటర్ల నుంచో. కొనేవారు మాత్రం ఒక్కొక్కరు సగటున 100 డాలర్ల దాకా పెట్టబోయారు.

ఆ 28 బేరాల్లో ఒక్కటి తప్ప అన్నీ మగతనం పెంచుతామనే మందులకే. ఈ వివరం దగ్గర కాస్త ఆగండి. చిన్న ఊళ్లో మందుల షాపు అబ్బాయి మన మేనల్లుడి స్నేహితుడు అయ్యుంటాడు. పక్కన నిలబడ్డ పెద్దావిడ మన వియ్యపురాలికి దూరపు చుట్టం. అక్కడ నోరు తెరవలేని మాట ఫోను ముందు తెరవవచ్చు. కొన్నది తెలివి తక్కువై కాదు, అడిగే చోటు లేక.

సిగ్గు ఒక్కటే కాదు. శ్రీకాకుళం జిల్లాలోని మన ఉద్దానంలో దిగులు అంతకంటే పెద్దది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు "క్రియాటినిన్ ఎంత?" అన్న మాట బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా తెలుసు. మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే అంకె అది. మూత్రపిండాల జబ్బు ఇక్కడ ఇన్ని ఇళ్లలోకి ఎందుకు వచ్చిందో ఏళ్ల తరబడి పరిశోధించినా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేకంగా పెద్దాసుపత్రి తెరిచారు. అది వచ్చాక దూరం తగ్గింది, భయం తగ్గలేదు. కారణం తెలియని జబ్బుకు ఎవరు ఏ విరుగుడు చెప్పినా వినాలనే అనిపిస్తుంది.

కవిటి దగ్గర నాకు తెలిసిన కొబ్బరి రైతు ఒకాయన అలాగే విన్నారు. "14 రోజుల్లో క్రియాటినిన్ సగానికి" అని మెయిల్ వచ్చింది. 4,800 రూపాయలు కట్టారు. డబ్బా వచ్చింది. పంచాంగం వెనక దాచిన ఆ డబ్బాను నాకు చూపిస్తూ, "మీరు నవ్వుతారని చెప్పలేదు మాస్టారూ" అన్నారు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మూత మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, లోపల 60 గొట్టాలు (క్యాప్సూళ్లు). నేను కళ్లద్దాలు పెట్టుకుని చుట్టూ తిప్పి చూశాను. తయారీదారు పేరు లేదు, ఊరు లేదు, లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారైన తేదీ కూడా లేదు. గడువు తేదీ మాత్రం విడిగా అంటించిన చీటీ మీద ఉంది. ఆయుర్వేద మందయినా ఈ వివరాలన్నీ ఉండి తీరాలి. ఏ దినుసు కలిపారో తెలియని గొట్టం ఆ జబ్బున్న మనిషికి ప్రమాదం. మామూలు నొప్పి మాత్రలే మూత్రపిండాలను దెబ్బతీయగలవు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు: "డబ్బు తినేయలేదు కదా, సరుకు పంపాడు కదా!" నిజమే. 2011లో ఆ పరిశోధకులే మరో అధ్యయనంలో స్పామ్ ప్రకటనలు చూసి నిజంగా కొన్నారు. సొమ్ము జమ అయిన ఆర్డర్లలో ఎక్కువ వాటికి సరుకు అందింది. అందుకే మళ్లీ కొంటారు. సరుకు చేరిందంటే అది మందు అయినట్టు కాదు.

ఇప్పుడు అభ్యాసం. స్పామ్ అరలోంచి ఏవైనా మూడు మెయిళ్లు తీయండి. లింకు నొక్కవద్దు. ఒక్కో మెయిల్లో మీ మనసును కాస్తయినా లాగిన వాక్యాన్ని నోటు పుస్తకంలో ఎక్కించుకోండి. ఏదీ లాగలేదని తొందరపడి రాయకండి, రెండోసారి చదవండి. దాని ఎదురుగా, ఈ మెయిల్ రాకపోతే ఈ సంగతి ఎవరిని అడిగి ఉండేవారో రాయండి. పేరు తోచకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి. మీరు మోసపోయే చోటు ఆ ఖాళీ గడే, కాబట్టి దాని చుట్టూ గీత గీయండి.

ఆ తర్వాత మెయిల్ చేసిన వాగ్దానం చూడండి. మధుమేహం, క్యాన్సర్, పక్షవాతం, లైంగిక బలహీనత వంటివి నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అంటే అలాంటి మెయిల్లో చిరునామా వెతికే పని కూడా లేదు, మొదటి వాక్యమే దాన్ని పట్టిస్తుంది. ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

గీత గీసిన గడిని వచ్చే పాఠంలోగా నింపాలి. ఆ రైతు డబ్బాను సంచీలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు నవ్వలేదు. ఎన్ని గొట్టాలు వేసుకున్నారో అడిగి, చీటీలో రాసుకుని, రక్తపరీక్షకు పంపారు. ఆయన నోటు పుస్తకంలో ఆ గడి నిండింది.